తబిత చేతి సలాడ్

తబిత వంటింటి అరలో ఉన్న స్టీలు గిన్నె తమదేనని ప్రసన్నకుమారి చూడగానే గుర్తుపట్టింది. అంచు మీద మొగుడి పేరు చెక్కి ఉంది: జి. రమేష్ బాబు.

ఆమె చూపు పడటంతోనే తబిత గబుక్కున దాని మీద పళ్ళెం బోర్లించింది. ప్రసన్నకుమారికి ఒళ్ళు భగ్గున మండింది. ఈ పిల్ల కువైట్ నుంచి వచ్చిందగ్గర్నించీ రామచంద్రపురంలో వీధి వీధంతా దీని సలాడ్ గొడవే. ఇప్పుడు తన మొగుడు కూడానా? అతను ఆఫీసుకి వెళ్ళేది ఈ గుమ్మం ముందునుంచే మరి.

అడిగితే తన పరువే పోతుంది. అందుకని ముఖాన నవ్వు పులుముకుని, ఆ సలాడేదో తనకీ నేర్పమంది. తబిత మురిసిపోయింది. ఉడికించి చల్లార్చిన మాకరోనీలో డబ్బాలోని ట్యూనా చేప ముక్కలు, కీర, ఉల్లిపాయ, మిరియాల పొడి, గిలక్కొట్టిన పెరుగు, నిమ్మరసం వేసి కలిపి చూపించింది. నూనె చుక్క అక్కర్లేదని, కడుపులో తేలిగ్గా ఉంటుందని చెప్పి, ఓ ట్యూనా డబ్బా చేతిలో పెట్టి మరీ పంపింది.

మర్నాడు ఆదివారం. చర్చి నుంచి రాగానే ప్రసన్నకుమారి ఆ సలాడ్ కలిపి, చేపల పులుసు పక్కన పెట్టింది. రమేష్ బాబు, అతని తల్లి దీనమ్మ భోజనానికి కూర్చున్నారు. అత్తగారితో ఆమెకి ఏ బెంగా లేదు. కోడలి చేతి పులుసు లేందే ముద్ద దిగదని ఊరంతా చెప్పుకునే మనిషి. ప్రసన్నకుమారి కళ్ళన్నీ మొగుడి మీదే.

అతను ఒక చెంచా నోట్లో పెట్టుకుని ముఖం చిట్లించాడు.

"చేపని పెరుగులో కలిపేవేంటి? ఒంట్లో బాలేదా?"

"నిజం చెప్పండి. ఇదివరకు ఎక్కడా తినలేదా?"

"ఇలాంటిది ఎవరు పెడతారే?" అని పులుసు గిన్నె దగ్గరికి లాక్కున్నాడు.

అబద్ధమాడితే చెవులు ఎర్రబడే మనిషి. ఇప్పుడు చెవులు మామూలుగానే ఉన్నాయి. ప్రసన్నకుమారికి ప్రాణం లేచొచ్చింది. ఇలాంటివాణ్ణా తను అనుమానించిందని సిగ్గుపడింది. ఆ గిన్నె ఏ చర్చి భోజనాల్లోనో మారిపోయి ఉంటుందనుకుంది. హుషారుగా అత్తగారికి పులుసు వడ్డించబోయింది.

దీనమ్మ చెయ్యి అడ్డం పెట్టింది. సలాడ్ ఒక చెంచా తిని, చప్పరించి, పెదవి విరిచింది.

"నిమ్మరసం చాల్లేదమ్మాయ్. తబిత రోజూ పెట్టేదాంట్లో ఇంకాస్త పుల్లగా ఉంటుంది."