చేతుల క్లాసు

ఏటి కట్ట తెగి వీధుల్లోకి నీళ్ళొచ్చిన రెండో ఏడు అది.

కుట్టు మాస్టారి బడి ఆ వరదలోనే కూలింది. మిషన్లు బురదలో కూరుకుపోయాయి. మాస్టారు మాత్రం నెత్తిన చెయ్యేసుకుని కూర్చోలేదు. ఫోనులో క్లాసు పెట్టాడు.

ఆయన పద్ధతి ఒకటే.

“మీ ముఖాలు నాకెందుకు? ఫోను బల్లకి పైన కట్టండి. చేతులు కనిపిస్తే చాలు.”

ముందు తను కోసి చూపించేవాడు. తర్వాత వాళ్ళు కోస్తుంటే, అందరి నోళ్ళూ ఫోనులోనే మూసేసి, తెర మీద ఒక్కొక్కరి గడీ చూసుకుంటూ పోయేవాడు. ఎవరి చెయ్యి ఆగితే వాళ్ళని పిలిచేవాడు. పిలిచే పేర్లు కూడా చేతులవే. ఒకావిడ ఉంగరాలక్క. ఒక పిల్ల సన్నవేళ్ళు.

సన్నవేళ్ళది మంచి పని. గీత మీద కత్తెర పెడితే నీళ్ళలో చేపే.

కానీ ఆ మణికట్టు రోజుకో చోట కమిలి ఉండేది.

“ఏమిటమ్మా అది?”

“తలుపు తగిలింది మాస్టారూ.”

“మీ తలుపుకి అయిదు వేళ్ళున్నాయా?”

ఆ పిల్ల గాజులు మణికట్టు మీదికి లాక్కుంది.

ఆ వేళ్ళెవరివో పట్టుకుని తీరాలని మాస్టారు అనుకున్నాడు. ఆ పిల్ల నోరు విప్పితేగా.

ఆ వారమే క్లాసులో ఒక మగచెయ్యి చేరింది. మోచేతి దాకా కాలిన చర్మం. గునపాల్లాంటి వేళ్ళు.

“ఎవరయ్యా నువ్వు?”

“నేర్చుకుందామని వచ్చాను మాస్టారూ.”

ఉంగరాలక్క ఊరుకుంటుందా? “ఆ చేతికి కత్తెరేం సరిపోతుంది, గొడ్డలివ్వండి మాస్టారూ!”

అందరూ ఘొల్లున నవ్వారు. సన్నవేళ్ళు మాత్రం గుడ్డ మీద అలాగే ఆగిపోయాయి.

మాస్టారు అది చూశాడు. భయం అనుకున్నాడు.

కాలిన చెయ్యి రోజూ వచ్చేది. రోజూ గుడ్డ తగలేసేది. భుజం కోయమంటే మెడ కోసేది.

“నీ చూపు గుడ్డ మీద లేదు. ఎవరి చేతులు చూస్తున్నావురా?”

కాలిన చెయ్యి గబుక్కున కత్తెర అందుకుంది.

“ఇంకోసారి ఇలా చేశావంటే బయటికి గెంటేస్తాను.”

“గెంటకండి మాస్టారూ. మీ కాళ్ళు పట్టుకుంటా. ఒక మూల పడుంటాను.”

ఫోనులో మూలేమిటి? మాస్టారికి అనుమానం ముదిరింది. అయినా గెంటలేదు. దొంగ కళ్ళెదుట ఉంటేనే దొరుకుతాడు కదా.

ఒకరోజు కాలరు కోత నడుస్తోంది.

సన్నవేళ్ళు ఒక్కసారిగా గడిలోంచి మాయమయ్యాయి. ఎవరో జుట్టు పట్టి లాగినట్టు, మనిషితోపాటు బల్ల కదిలింది. బల్ల మీది కత్తెరా పోయింది.

మాస్టారు గబగబా ఫోనులో ఆ పిల్ల గొంతు వినపడేలా తెరిచాడు. తల గోడకి కొట్టుకున్న చప్పుడు. “అమ్మా!” అని కేక. తెల్లగుడ్డ మీద నెత్తురు చిమ్మింది.

మాస్టారి కళ్ళు పక్క గడి మీదికి పోయాయి. అక్కడ కాలిన చెయ్యి లేదు. బల్ల ఒక్కటే ఉంది.

“దొంగ వెధవా!”

అంతలో ఆ కాలిన చెయ్యి సన్నవేళ్ళ గడిలో కనిపించింది. పిడికిట్లో కత్తెర. కత్తెర నిండా నెత్తురు.

ఇరుగుపొరుగు తోసుకుంటూ లోపలికొచ్చారు.

“ఎవడు? పొడిచింది ఎవడు?”

మాస్టారు గొంతు చించుకున్నాడు. “కాలిన చేతివాడు! వాడే! వదలకండి!”

ఆ మాట వాళ్ళ నెత్తి మీద, ఫోనులోంచి పిడుగులా పడింది.

“అవును, వీడే!” ఇంకో మగగొంతు వగరుస్తూ అందుకుంది. “నా పెళ్ళాన్ని పొడిచాడు!”

“నేను కాదయ్యా, నేను...”

ఆ మాట పూర్తికాలేదు. ఎవరో ఇస్త్రీపెట్టె ఎత్తారు. కాలిన చెయ్యి బల్ల అంచు పట్టుకుంది. ఇస్త్రీపెట్టె దాని మీద పడింది. మళ్ళీ పడింది. వేళ్ళు విరిగిన చప్పుడు క్లాసంతా విన్నది. చెయ్యి జారిపోయింది.

తర్వాత తన్నులే వినిపించాయి. చాలాసేపు.

“చావగొట్టండి వాణ్ణి!” అని ఉంగరాలక్క ఏడుస్తూ అరిచింది.

మాస్టారు ఆమె నోరు మూయలేదు.

సాయంత్రానికి కబురు తెలిసింది. పిల్ల బతికింది. వాడు ఆస్పత్రి దారిలోనే పోయాడు.

“పీడ విరగడైంది,” అన్నాడు మాస్టారు.

మర్నాడు పొద్దున్నే ఆస్పత్రికి వెళ్ళాడు. ఆ పిల్ల ముఖం చూడటం అదే మొదలు. తల నిండా కట్లు, మెడ కింద కుట్లు. మొగుడు మందుల కోసం కిందికి వెళ్ళాడని నర్సు చెప్పి వెళ్ళింది.

“నేనమ్మా, మాస్టార్ని. ఇక భయం లేదు. వాడి పని అయిపోయింది.”

ఆ పిల్ల కళ్ళు తెరిచింది. “మా ఆయన్ని పట్టుకున్నారా మాస్టారూ?”

మాస్టారు మంచం మీదికి వంగాడు.

“ఆయన కత్తెర ఎత్తగానే, మీ క్లాసులో ఆ కాలిన చేతి మనిషే గోడ దూకి వచ్చి లాక్కున్నాడండీ. లేకపోతే నేను లేను. మా వాళ్ళెవరైనా గడప తొక్కితే నన్ను నరుకుతానని మా ఆయన అన్నాడని, వెనక సందులో గది తీసుకుని, ఎవరో తెలియనివ్వకుండా రోజూ మీ క్లాసులో నా చేతులే చూస్తూ కూర్చునేవాడు.” ఆ పిల్ల తలుపు వైపు చూసింది. “ఏడండీ మా అన్నయ్య?”

మెట్ల మీద చెప్పుల చప్పుడైంది.

మాస్టారు లేచి తలుపు గడియ పెట్టాడు. పోలీసులకి ఫోను చేశాడు.

“రండి బాబూ. హంతకులం ఇద్దరం ఉన్నాం. ఒకడు తలుపు బయట, నేనొకణ్ణి లోపల.”