పరీక్ష నెగ్గిన సంఖ్య

"294409. ఇది ప్రధాన సంఖ్యా, కాదా?"

తెర వైపు చూడకుండా కాగితంలో చూసి అడిగాడు తేజేశ్వర్. సన్నీవేల్ ఆఫీసులో అతను ఒకరిని ఇంటర్వ్యూ చేయడం ఇదే మొదటిసారి. ఆ సంఖ్య గురించి రెండు రోజులుగా చదువుతూనే ఉన్నాడు.

"ఇంటర్వ్యూ ఇచ్చేవాళ్లకి భయం గానీ, తీసుకునేవాళ్లకి ఎందుకండీ?" అని పొద్దున భార్య త్రివేణి నవ్వింది. ఆమెకిప్పుడు ఏడో నెల. "మీరు ఒకసారి పాసైన పరీక్షేగా!"

అతను నవ్వలేదు.

పక్క కుర్చీలో మేనేజర్ లిండా కూర్చుంది. తేజేశ్వర్ వీసా పొడిగింపు కాగితాలు ఆమె సంతకం కోసమే ఆగి ఉన్నాయి. ఈ గదిలో ఏ తేడా వచ్చినా ఉద్యోగం ఉండదు, వీసా ఉండదు.

తెర మీద, నోవై ఊరి నుంచి ఇంటర్వ్యూ ఇస్తున్న అద్వైత్ పెదాలు కదిలాయి. అరక్షణం తర్వాత బొంగురు గొంతు ఇంగ్లీషులో వినిపించింది.

"చివర తొమ్మిది. కాబట్టి సరిసంఖ్య కాదు, ఐదుతోనూ పోదు. అంకెలు కూడితే ఇరవై ఎనిమిది. అంటే మూడుతో కూడా పోదు. సో, సింపుల్‌గా చెప్పాలంటే..."

ఆ 'సింపుల్‌గా' వినగానే తేజేశ్వర్ చేతిలో పెన్ను జారిపోయింది.

"...ఫెర్మా పరీక్ష పెడితే ప్రధాన సంఖ్యలాగే పాసైపోతుంది. కానీ కాదు. 37, 73, 109 గుణిస్తే వచ్చేది ఇదే. ఇలాంటివాటిని కార్మైకేల్ సంఖ్యలంటారు."

లిండా మైకు ఆపేసింది.

"పెదాలకీ మాటకీ పొంతన లేదు తేజ్. చూశావా?"

"నెట్ స్లోగా ఉన్నట్టుంది."

"పోయిన నెల ఒకణ్ని ఇలాగే పట్టుకున్నాం. చాటు నుంచి ఇంకెవరో జవాబులు చెబుతుంటే కెమెరా ముందు వాడు పెదాలు కదిపాడు."

"ఇతను అలాంటివాడు కాదనుకుంటా." తేజేశ్వర్ ముందున్న కాగితాలు సర్దేశాడు. "తీసేసుకుందాం లిండా. ఇక చాలు, ముగించేద్దాం."

ఆమె ఒక్క క్షణం అతన్ని వింతగా చూసింది. మళ్లీ మైకు ఆన్ చేసింది.

"వెల్ డన్ అద్వైత్! ఇంతకుముందు ఈ ప్రశ్నకి సరిగ్గా చెప్పింది ఒక్కరే. ఇదిగో, మా తేజేశ్వర్. మూడేళ్ల క్రితం."

అద్వైత్ పెదాలు 'థాంక్యూ' అన్నట్టు కదిలాయి. గొంతు రాలేదు.

ఒక క్షణం. రెండు. మూడు.

"తేజేశ్వర్ గారా?" అంది ఆ గొంతు ఉన్నట్టుండి తెలుగులో. "బాగున్నారాండీ?"

తెర మీద పెదాలు కదల్లేదు.

లిండా కుర్చీ మెల్లగా అతని వైపు తిరిగింది. "ఎవరది తేజ్? ఆ గొంతు నీకు తెలుసా?"

తెలియకేం, మూడేళ్ల క్రితం ఇదే ప్రశ్నకి కెమెరా ముందు పెదాలు కదిపింది తేజేశ్వరే గానీ, జవాబు చెప్పింది ఆ గొంతే.