లీలాబాయి ఒప్పుకున్న సన్మానం

"అక్కా, ఆయీ వస్తున్నదట. ఆటో ఎక్కిందట."

స్టేజీ వెనక గోడకు బ్యానర్ కడుతున్న మమతారాణి స్టూలు మీదే ఆగిపోయింది. "నిజమా? నేను ఎన్నిసార్లు పోయి బతిమిలాడినా రానన్నది గదనే!"

"గదే నాకు సమజైతలే," అంది నవ్యశ్రీ. ఆమె దవాఖానలో నర్సు. మంచి కబురు తెచ్చిన మనిషి ముఖంలా లేదు ఆమె ముఖం.

ఆదిలాబాద్ మహిళా మండలి ఆ రోజు నలుగురు ఆడవాళ్లకు సన్మానం తలపెట్టింది. ఏ ఫలమూ ఆశించకుండా పదిమందికి పనికొచ్చినవాళ్లు. మండలి అధ్యక్షురాలిగా మమతారాణి అందరికన్నా ముందు అనుకున్న పేరు లీలాబాయిది. డెబ్బై దాటిన ఆ మనిషిని దవాఖానలో అందరూ మరాఠీలో అమ్మ అన్నట్టు ఆయీ అనే పిలుస్తారు. పొద్దున్నే వస్తుంది. ఏదో ఒక మంచం పక్కన కూర్చుని రోగి చెయ్యి పట్టుకుంటుంది. ఆ ప్రాణం పోయేదాకా లేవదు. రమ్మని ఎవరూ పిలవరు. వద్దని ఎవరూ అనరు.

మమతారాణి తల్లి బుచ్చవ్వ పోయినప్పుడు కూడా పక్కన ఆమే ఉంది. తెల్లారితే ఇంటికి తీసుకుపోవచ్చని డాక్టర్లు చెప్పిన ధైర్యంతో మమతారాణి ఇంటికి వెళ్లి వచ్చేసరికి తల్లి కళ్లు మూసి ఉన్నాయి. ఆమె చెయ్యి లీలాబాయి చేతుల్లో ఉంది. "భయపడలే బిడ్డా. నీ ముచ్చట్లే చెప్పుకుంట పోయింది," అంది లీలాబాయి. ఆ ఒక్క మాటే మమతారాణిని ఇన్నాళ్లూ నిలబెట్టింది. ఆ రుణానికే ఈ శాలువా.

"సంతోషపడక గట్ల నిలబడ్డవేందే?"

నవ్యశ్రీ గొంతు తగ్గించింది. "నీకు ఎన్నడు చెప్పలే అక్కా. ఆయీ వచ్చి కూసున్నప్పుడు మీ అవ్వ చాయ తాగుతుండె. నవ్వుకుంట నాతోని మాట్లాడుతుండె. వార్డుల ఎంతమంది సీరియస్‌గ ఉన్నా అందర్ని దాటుకుంట ఆయీ సీదా మీ అవ్వ దగ్గరికే పోయింది. ఒక్క మీ అవ్వకే కాదు, అందరికీ గంతే. మేం నాడి పట్టకముందే ఆమెకు ఎరుకైతది."

మమతారాణి తేలిగ్గా నవ్వింది. "అయితేంది? ఇది దవాఖాన కాదు గద."

"గా దవాఖాన తప్ప ఆమె ఏడికీ పోదక్కా. సొంత మనవరాలి పెండ్లికి సుత పోలే. ఇయ్యాల ఈడికెందుకు వస్తున్నట్టు?"

ఇద్దరి చూపులూ ఒకేసారి ముందు వరసలోకి వెళ్లాయి. ముఖ్య అతిథి బాలకిషన్‌రావు అక్కడ కూర్చుని దగ్గుతున్నాడు. ఎనభై దాటాయి. ఈ మధ్యే గుండెకు ఆపరేషన్ అయింది.

మమతారాణి గబగబా స్టూలు దిగింది. "సారూ, తబియత్ మంచిగున్నదా?"

"నాకేమైతదమ్మా, గుండ్రాయి లెక్క ఉన్న," అంటూ మళ్లీ దగ్గాడాయన.

మమతారాణికి నమ్మకం కుదరలేదు. మూలన ఉన్న బరువైన కూలర్‌ను ఎవరినీ పిలవకుండా తనే ఈడ్చుకొచ్చి ఆయన పక్కన పెట్టింది. నవ్యశ్రీని ఆయన పక్క కుర్చీలో కూర్చోబెట్టింది. "సారు మీదికెల్లి చూపు తియ్యకు," అని చెవిలో చెప్పింది. కూలర్ లాగిన భుజం సలుపుతోంది. జాకెట్టు తడిసి వీపుకు అంటుకుపోయింది.

అప్పుడు గుమ్మంలోకి లీలాబాయి వచ్చింది. గోచికట్టు చీర, బోసి మెడ, చిన్న చిన్న అడుగులు. దవాఖానలో ఆమెను చూసినవాళ్లు హాల్లో చాలామందే ఉన్నారు. ఆమె నడిచే దారికి రెండువైపులా కూర్చున్న ఆడవాళ్లు తెలియకుండానే కాళ్లు ముడుచుకున్నారు. చంటిపిల్ల ఉన్న ఒకామె కొంగు పిల్ల మీదికి లాక్కుంది. లీలాబాయి ఒక్కొక్కరి ముఖంలోకీ చూస్తూ వచ్చి, సరిగ్గా బాలకిషన్‌రావు ముందు ఆగింది.

మమతారాణికి ఊపిరి ఆడలేదు.

"ఏం రావుసాబ్, బాగున్నవా?" అని పలకరించి, లీలాబాయి ముందుకు కదిలింది.

సన్మానం ఏ అడ్డంకీ లేకుండా జరిగింది. బాలకిషన్‌రావే ఆమెకు శాలువా కప్పాడు. ఆయన చేతులు వణకలేదు. చప్పట్లు మోగాయి. ఆయన స్టేజీ దిగి, రెండు లడ్డూలు తిని, మూడోదానికి చెయ్యి చాపితే నవ్యశ్రీ గుంజుకుంది. హాలంతా నవ్వింది.

"చూసినవా పిచ్చిదానా!" అంది మమతారాణి. "పుణ్యం చేసే మనిషిని పట్టుకొని మీరంత ఉత్తగనే బద్నాం చేసిండ్రు."

నవ్యశ్రీ సిగ్గుపడి తల దించుకుంది.

బెంగ తీరేసరికి మమతారాణి కాళ్లలో సత్తువ లేకుండా పోయింది. పొద్దున్నుంచీ ఏమీ తినలేదు, అందుకే అనుకుంది. స్టేజీ పక్కన తెర చాటుకు వెళ్లి కుర్చీలో కూలబడింది. కాసేపటికి లీలాబాయి శాలువాతోనే అక్కడికి వచ్చింది. ఇంకో కుర్చీ దగ్గరికి లాక్కుని కూర్చుని, మమతారాణి చేతిని తన రెండు చేతుల్లోకి తీసుకుంది. వెచ్చని చేతులు. ఎన్నాళ్లకో కన్నతల్లి దగ్గర కూర్చున్నట్టు అనిపించింది మమతారాణికి.

"ఫోటోకు పిలుస్తుండ్రు ఆయీ. నువ్వు స్టేజీ మీద ఉండాలె."

లీలాబాయి కదల్లేదు.

"సన్మానం వద్దే వద్దంటివి. మల్ల మనసెట్ల మారింది?" మమతారాణి నవ్వుతూ అడిగింది.

లీలాబాయి శాలువా అంచుతో ఆమె నుదుటి మీద చెమట మెల్లగా తుడిచింది.

"నీ పక్కన కూసుందామని వచ్చిన, బిడ్డా."