రెండో పిడి

"సింగిల్ చాలు," అంది ఆమె.

"డబుల్ తీసుకో," అన్నాడు అతను.

గిటార్ల షాపాయన ఇద్దరి మొహాలూ చూసి మీసం చాటున నవ్వుకున్నాడు. ఇలాంటి జంటలు ఆయనకి కొత్తేం కాదు. కాకపోతే మామూలుగా వాయించేది మొగుడు, వద్దనేది పెళ్లాం. ఇక్కడ గిటారు ఆమెది, గోల అతనిది.

గోడవారగా రెండు స్పీకర్ క్యాబినెట్లు ఉన్నాయి. ఒకదాన్లో ఒకటే స్పీకరు. పైన ఒక పిడి, సూట్‌కేసులా పట్టుకుని చక్కా పోవచ్చు. రెండోదాన్లో పక్కపక్కనే రెండు స్పీకర్లు. పిడులూ రెండే, ఆ చివర ఒకటి, ఈ చివర ఒకటి. ఒక్కరే ఎత్తబోతే నడుం పట్టేస్తుంది.

"ఇద్దరూ ఇంత నీటుగా తయారై వచ్చారు. ఏదైనా ఫంక్షనా?" అడిగాడు షాపాయన.

"సంతకాల పనుంటే వెళ్లొస్తున్నాం," అన్నాడు అతను.

"ఓహో, ఇల్లు తీసుకున్నారా?"

"మూడో అంతస్తండీ. లిఫ్టు లేదు," అంది ఆమె. "అందుకే సింగిల్ అంటున్నా."

"లిఫ్టు లేకపోతేనేం, నేను లేనూ?" అన్నాడు అతను.

ఆమె ఆ మాట విననట్టే గిటారు తీగలు శ్రుతి చేసుకోవడంలో పడింది.

అతని బాధల్లా ఒక్కటే. సింగిల్ అయితే ఆమె ఒక్కతే మోసుకుపోగలదు. ఇన్నేళ్లుగా ఆమె వాయించిన ప్రతి చోటికీ పాత డబుల్ క్యాబినెట్ రెండో పిడి పట్టుకుని వెళ్లినవాడు అతను. సంగీతంలో ఓనమాలు రావు. చప్పట్లు కూడా పక్కవాళ్లు కొట్టాకే కొడతాడు. అయినా స్టేజి వెనక ఒక ప్లాస్టిక్ కుర్చీ అతనిది. ఆ పాత క్యాబినెట్ మొన్న గరగరమంటూ మూలపడింది. కొత్తది చిన్నదైతే ఆ కుర్చీ కూడా పోతుంది.

అందుకని వాదించాడు. "సింగిల్ మోత టార్చిలైటులా ఎదురుగా ఒక్కచోటే పడుతుంది. డబుల్ అయితే హాలంతా పరుచుకుంటుంది."

"ఎవరు చెప్పారు?"

"నువ్వే. పాతది కొన్నప్పుడు ఈ మాటలే చెప్పి మోయించావు."

"అప్పుడు నీకు నడుంనొప్పి లేదు."

"ఇప్పుడూ లేదు," అన్నాడు, నడుం మీంచి చెయ్యి తీసేస్తూ.

షాపాయనకి సరదా పుట్టింది. "పెళ్లై ఎన్నేళ్లు సార్?"

"పదకొండు."

"నెల తక్కువ పదకొండు," దిద్దింది ఆమె.

"మేడమ్‌గారికి లెక్కంటే లెక్కే. సరే, కొట్లాట ఎందుకు? రెండూ వాయించి చూడండి."

వైరు మార్చే పని అతనే మీదేసుకున్నాడు. ముందు సింగిల్. ఆమె వేళ్లు కదిలాయి. గుండ్రంగా, శుభ్రంగా, చిన్న షాపుకి సరిగ్గా సరిపోయేలా పలికింది. అతని మొద్దు చెవులకి కూడా బాగుంది. గుండె జారిపోయింది.

వైరు తీసి డబుల్‌కి పెడుతూ, ఒళ్లు అడ్డం పెట్టి, ఆంప్లిఫయర్ మీద నాలుగులో ఉన్న వాల్యూమ్‌ని ఆరుకి తిప్పాడు.

ఈసారి ఆమె తీగ మీటగానే అద్దాల బీరువాలు గజగజమన్నాయి. తలుపు దగ్గర నిలబడ్డవాళ్లు వెనక్కి తిరిగి చూశారు.

"చూశావా తేడా?" అన్నాడు, ఏమీ ఎరగనట్టు.

ఆమె వాయించడం ఆపి, వచ్చి వంగి చూసింది. అతని చెవులు వేడెక్కాయి.

"నాలుగులో ఉండాల్సింది ఆరులో ఉందే?"

"దానంతటదే తిరిగుంటుంది."

"అవును. నీ వేళ్లు దాని చుట్టూ ఉన్నప్పుడు."

నాలుగుకి తిప్పి మళ్లీ వాయించింది. ఇప్పుడు రెండింటికీ పెద్ద తేడా తెలియలేదు.

"నన్నడిగితే మేడమ్ అన్నదే రైటు సార్," అని షాపాయన కూడా ఆమె వైపే మొగ్గాడు. "మెట్లెక్కి దిగడానికి సింగిలే హాయి."

అతను వంగి, ఊడని బూటు లేసు విప్పి మళ్లీ కట్టుకున్నాడు. ఏడుపొచ్చినంత పనైంది.

ఆమె రెండు క్యాబినెట్ల మధ్యా కాసేపు నిలబడింది. డబుల్ పిడి ఒకటి పట్టుకుని ఎత్తి చూసింది. ఈ చివర లేచింది గానీ ఆ చివర కదల్లేదు.

"దీన్ని ఒక్కళ్లు మొయ్యలేరు కదండీ?"

"ఎక్కడమ్మా! దీంతో వచ్చిన చిక్కే అది."

"అయితే ఇదే ఇవ్వండి."

షాపాయన నోరు తెరిచాడు. తేరుకుని, "మరి కింద దాకా మనిషిని పంపనా?" అన్నాడు.

"మనిషున్నాడు," అంది ఆమె. అతని వైపు తిరిగింది. "శనివారం ప్రోగ్రాం. ఐదింటికల్లా రావాలి. ఎప్పట్లా ఆలస్యంగా వచ్చి ట్రాఫిక్ మీద తొయ్యకు."

"నాలుగింటికే వస్తాను," అన్నాడు.

చెరో పిడీ పట్టుకున్నారు. ఒకటి, రెండు అనుకోకుండానే ఒక్కసారి లేపారు. "గడప," అన్నాడు అతను. "చూశా. నీ నడుం చూసుకో," అంది ఆమె. అడుగులో అడుగు వేస్తూ, కింద ఆపుకున్న వ్యాన్ వైపు మెట్లు దిగారు.

తలుపు తెరిచి పట్టుకున్న షాపాయన ముచ్చటపడిపోయాడు. "కాపురమంటే మీదే సార్. ఇంటికెళ్లి మా ఆవిడకి చెప్పాలి."

గంట కిందట కోర్టు మెట్లు కూడా ఇద్దరూ ఇలాగే పక్కపక్కన దిగారు, కాకపోతే అప్పుడు వాళ్ల చేతుల్లో ఉన్నవి విడాకుల కాగితాలు.