రెండు సగాలు

“ఆ స్ఫటికాలు పారేసి మళ్లీ పెంచుకోమ్మా” అన్నారు ప్రొఫెసర్ ఆదిమూలం. తిరుపతిలో ఆయన దగ్గర పరిశోధన చేస్తున్న పంకజాక్షి ఏడాదిగా ఒక ప్రొటీన్‌ను స్ఫటికాలుగా పెంచి, ఎక్స్‌రేలతో దాని ఆకారం కనుక్కోవాలని తంటాలు పడుతోంది. ఎంత సరిదిద్దినా లెక్కకూ ఎక్స్‌రే కొలతలకూ పొంతన కుదరడం లేదు.

“స్ఫటికాలు బాగానే ఉండాయి సార్. ప్రొటీన్‌లో రెండు సగాలూ అచ్చం ఒకటేనని మీరు చెప్పినారు గదా. మిమ్మల్ని అడక్కుండా రెండిటినీ వేరువేరుగా లెక్కగట్టినాను. పొంతన కుదిరింది.”

“రెండిటినీ దేనికది వదిలేస్తే లెక్క ఎట్లైనా కుదురుతుంది. అది రుజువు కాదు.”

“అందుకే ఎక్స్‌రే కొలతల్నుంచే ఒక్కో సగానికీ ఒక పటం గీసినాను. సూడండి.”

ఆమె ఇచ్చిన రెండు పారదర్శక కాగితాలను ఆయన ఒకదానిమీద ఒకటి పెట్టి కిటికీ వెలుగుకు ఎత్తారు. గీతలన్నీ కలిశాయి. ఒక్కచోట మాత్రం ఒక సగం కొస ఎడమకు, రెండో సగం కొస కుడికి తిరిగి ఉంది.

ఆయన కాగితాలు తిరగేసి మళ్లీ ఒకదానిమీద ఒకటి పెట్టి చూశారు.

“ఇన్నాళ్లూ రెండూ ఒకటేనని నేనే మొండికేసినాను” అని నవ్వారాయన. “థీసిస్‌లో ఆ మాటే రాయి, గైడు చెప్పింది తప్పని.”

“మీ పేరు పెట్టి రాయాలా సార్?”

“పేరు లేకుంటే నేను సంతకం పెట్టను.”