ఆది మనిషి

అందరి చెవుల్లోనూ సలహాలు చెప్పే కోచ్ యంత్రం ఉండే రోజుల్లో, టైలర్ వరాలుకి ఆరు మార్చినా ఒక్కటీ నప్పలేదు. అన్నీ “శభాష్” అనేవే. వాడుకగా కుట్టించుకునేవాళ్లేమో తప్పేంటో చెప్పకుండానే రావడం మానేస్తున్నారు. ఆమెకు కాలూ చెయ్యీ ఆడడం లేదు.

“కొలతకి ఆది జాకెట్టు ఇచ్చినట్టు, మీరు ఎవరి మాట విని బాగుపడ్డారో చెప్పండి. అచ్చం అలాగే చేసిస్తాం,” అంది కోచ్‌ల దుకాణంలో అమ్మాయి.

అమ్మా? మొగుడా? ఇద్దరూ మెచ్చుకునేవాళ్లే. వరాలు లేచింది, కూర్చుంది, మళ్లీ లేచింది. చివరికి, బతికున్నన్నాళ్లూ ప్రతి జాకెట్టూ తిప్పి పంపిన జగదాంబగారి పేరు చెప్పింది.

“ఆవిడంటే అంత ఇష్టమా అండీ?”

“ఒళ్లు మంట!”

మర్నాడు మిషన్ ముందు కూర్చోగానే చెవిలో విసుగు గొంతు: “చంక దగ్గర పట్టేసింది. విప్పి కుట్టు.”

“వచ్చారా తల్లీ!” పళ్లు నూరుతూనే కుట్లు విప్పింది వరాలు. చెయ్యి చకచకా ఆడింది.