జానెడు మంచం

"నీ కడుపు సల్లగుండ, ఏం పని జేసినవే ఇది!"

కిష్టమ్మ అరుపుకు వాకిట్లో గింజలు ఏరుకుంటున్న కోళ్లు చెదిరిపోయాయి. పాత చీరల మూట కోసం సజ్జ మీద చెయ్యి పెడితే ఆమెకు టీవీ అట్టపెట్టె ఒకటి తగిలింది. దింపి చూస్తే లోపల ఇల్లు!

ఇల్లంటే అట్లాంటిట్లాంటి ఇల్లు కాదు. కిటికీలకు తెల్ల లేసు పరదాలు. గుమ్మానికి ఆకుపచ్చ రిబ్బన్ను మామిడాకుల్లా కత్తిరించి కట్టిన తోరణం. నేల మీద, బడిపిల్లలు జడలకు కట్టుకునే ఎర్ర రిబ్బన్లు పక్కపక్కనే కుట్టి పరిచిన జంపఖానా. గదికంతా ఒకటే మంచం. దాని చుట్టూ కుచ్చుల లేసు, దిండుకు గద్వాల చీర అంచులోంచి తీసిన సన్నటి జరీ.

కోడలు రాధిక వంటింటి గడపలో నిలబడిపోయింది. ఆమెకు ఆరో నెల.

ఆ ఇంట్లో ఒక కట్టడి ఉంది. బిడ్డ భూమ్మీద పడేదాకా బిడ్డ పేరుతో సూదిలో దారం ఎక్కకూడదు. ఎక్కితే కీడు. పుట్టాక కూడా మొదట చుట్టేది పాత చీరే. అందుకే కిష్టమ్మ తన మెత్తటి చీరలన్నీ ఉతికి మూటగట్టి పెట్టింది. రెండేళ్ల కింద తొలిచూలు నిలవలేదు. ఈసారైనా నిలవాలని ఆమె మొక్కని దేవుడు లేడు.

"బొమ్మరిల్లు అత్తా. ఊకెనే జేసిన," అంది రాధిక.

"ఊకెనేనా? పెండ్లికి పోతే అందరు లడ్డు దాసుకుంటరు. నువ్వు లడ్డు డబ్బ మీది రిబ్బన్ దాసుకుంటివి. అయిజ బజారుకు పోతే దర్జీ కాడ కింద పడ్డ లేసు ముక్కలు ఏరుకొస్తివి. జాకెట్లకేమో అనుకున్న. గిందుకా?"

చల్లకొచ్చిన పొరుగింటి ఈదమ్మ ముంత దాచలేదు గానీ, నోరు మాత్రం దాచుకోలేకపోయింది.

"ఆలు లేదు సూలు లేదు, కొడుకు పేరు సోమలింగమంట!" అంది.

ఇక్కడ ఆలూ ఉంది, చూలూ ఉంది. ఆ సంగతి ఈదమ్మకు చెప్పేదెవరు? ఆమె పెట్టెలోకి వంగి చూసి ఇంకో మాట కూడా అంది.

"బొమ్మరిల్లయితే మరి బొమ్మ ఏది?"

నిజమే. ఇంట్లో అన్నీ ఉన్నాయి, బొమ్మ లేదు. రాధిక తల దించుకుంది.

"ఏముంది, పుట్టేదానికి ఇప్పటిసందే పక్క ఏసి పెట్టింది!" కిష్టమ్మ మంచం మీద చెయ్యి పరిచింది. బొటనవేలు ఈ కొసకు, చిటికెన వేలు ఆ కొసకు సరిగ్గా ఆనాయి. "సూడు ఈదమ్మా, కొలిసినట్టు జానెడు! ఎంత ధైర్యమో!"

పెట్టె ఎత్తుకుని నీళ్ల పొయ్యి దగ్గరికి నడిచింది. ముందు తోరణం పొయ్యిలో పడింది. రిబ్బన్ ముడుచుకుపోయి నల్లగా కారింది. తర్వాత పరదాలు. తర్వాత జంపఖానా. రెండేళ్లు ఏరుకున్నదంతా రెండు నిమిషాలు కూడా మండలేదు. రాధిక గడప దగ్గరే ఉండిపోయింది.

కిష్టమ్మ మంచం తీసేసరికి మాత్రం పరుగున వచ్చి ఆమె చెయ్యి పట్టుకుంది.

"అదొక్కటి ఒద్దత్తా. నీ కాళ్లు మొక్కుత."

"పిచ్చిదానా, నీ బిడ్డ కోసమే గదనే! పోయినసారి లెక్క ఇది గూడ పోతే నేను బతుకుతనా?"

"అది పోయినసారి దానిదే అత్తా."

కిష్టమ్మ చెయ్యి ఆగిపోయింది.

"వచ్చేదానికి నేనేం కుట్టలే. ఒట్టు," అంది రాధిక. "దవాఖానల నాకు తెలివొచ్చేసరికే నువ్వు తీస్కపోయి పాతిపెట్టొచ్చినవ్. నేను మొఖం గూడ సూడలే. ఎంతుండె అత్తా అని అడిగితే, గిట్ల సెయ్యి సాపి జానెడుండె అన్నవ్. ఉత్త మట్టిల పండుకున్నది గదా అని... నువ్వు గోడకు కొట్టిన పిడక మీద నీ సెయ్యి అచ్చు ఉంటది గద, దాని మీద దారం పెట్టి కొలుసుకొని ఈ మంచం జేసిన."

ఈదమ్మ ముంత తీసుకుని, చల్ల పోయించుకోకుండానే వెళ్లిపోయింది.

కిష్టమ్మ పొయ్యి పక్కనే చతికిలబడింది. మంచాన్ని ఒళ్లో పెట్టుకుని, లేసు మీద పడ్డ బూడిదను కొంగుతో తుడిచింది. రెండేళ్లుగా కోడలి ముందు ఒక్కసారీ ఏడవని మనిషి, వెక్కి వెక్కి ఏడ్చింది. రాధిక కూడా ఆమె భుజం మీద తల పెట్టి ఏడ్చింది.

కాసేపటికి కిష్టమ్మ మళ్లీ మంచం మీద జాన పరిచింది. చిటికెన వేలు మంచం కొసను తాకింది. ఆ కొస దాటాక, రెండో చేతి నాలుగు వేళ్లు కలిపి గాలిలో అడ్డంగా పెట్టింది. రాధికకు అర్థం కాలేదు.

"తక్కువ జెప్తె తక్కువ ఏడుస్తవనుకున్న బిడ్డా," అంది కిష్టమ్మ. "జానెడు గాదు, జానా బెత్తెడుండె మన పాప. గీ మంచంల దానికి కాళ్లు సాపనీకి రాదు."